కాలు తీస్తే ఆగే బండి

బండి వచ్చిన రోజే, ఇల్లు విడిచి వెళ్ళిపోతున్నానని నా భర్త సంగమేశ్‌కు చెప్పాను.

అది మార్చి చివర. నారాయణఖేడ్ బస్సు డిపో వెనక సందులో మా మెకానిక్ షెడ్డు, షెడ్డు వెనక ఇల్లు, రెండింటికీ మధ్య ఒక తలుపు. పొద్దున ఒక డీసీఎం వ్యాను వచ్చి ఆగితే నేను కుట్టు మెషిన్ ముందు నుంచి లేచి ఆ తలుపు దగ్గర నిలబడ్డాను. నలుగురు మనుషులు కలిసి ఒక బండిని కిందికి దింపారు. దానికి తలుపులు లేవు, ముందు అద్దం లేదు. పైన కప్పు, కింద చిన్న చక్రాలు, ఇద్దరు కూర్చునే సీటు. తెల్ల రంగు ఎండకు పచ్చబడి ఉంది.

"గోల్ఫ్ ఆడెటోళ్ళు గ్రౌండుల తిరిగే బండి," అన్నాడు మతీన్. కంగ్టి రోడ్డులో ఫంక్షన్ హాల్ అతనిదే. హైదరాబాద్‌లో ఏదో క్లబ్బువాళ్ళు పాత సామాను అమ్ముతుంటే కొన్నాడు. హాలు గేటు నుంచి స్టేజీ దాకా పెళ్ళికొడుకునూ పెళ్ళికూతురునూ పూలు కట్టిన ఆ బండిలో తీసుకురావాలని అతని ఆలోచన. "గుర్రం వెడితే లద్దె వేస్తది. కారు లోపటికి పట్టది. గిదైతే ఫస్ట్ క్లాస్. మే నెలల ముహూర్తాలున్నయ్ భాయ్. పొగ రావొద్దు, సప్పుడు రావొద్దు. సన్నాయి ఇనవడాలె గని ఇంజను ఇనవడొద్దు."

సంగమేశ్ సీటు ఎత్తి కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"టూ స్ట్రోక్," అన్నాడు చివరికి.

"అందుకే గద నీ తాన్కి తెచ్చిన. గిప్పటి పోరగాండ్లకు ఏం దెలుస్తది? ఇంకోటి భాయ్, దీనికి కాలు తీస్తే ఇంజను బందైతది. మల్ల తొక్కితే లేస్తది. దాని పద్ధతే గంత. మర్చిపోకు."

సంగమేశ్ తల ఊపాడు. అతను పని నేర్చుకున్నది టూ స్ట్రోక్ ఆటోల మీద. ఆ ఆటోలు పోయి గ్యాసువి వచ్చాయి, ఇప్పుడు బ్యాటరీవి తిరుగుతున్నాయి. షెడ్డుకు పంక్చర్లు, బ్రేకులు తప్ప పెద్ద పని రావడం మానేసింది. అతనితో పనిచేసే మనిషి పటాన్‌చెరు కంపెనీకి వెళ్ళిపోయాడు. ఆ రోజు సీటు కిందికి వంగిన సంగమేశ్ ముఖంలో, చాలాకాలం తర్వాత పాత చుట్టాన్ని చూసినట్టు ఒక వెలుగు కనిపించింది. నాకు ఆ ముఖం చూసి కోపం వచ్చింది. బహుశా అందుకే ఆ రోజే చెప్పాను.

మతీన్ వెళ్ళిపోయాక అతని వెనక నిలబడ్డాను. అతను తల లోపల పెట్టి బోల్టు విప్పుతున్నాడు.

"రోజ పరీక్షలు అయినంక నేను సంగారెడ్డి పోతున్న. ఆమెతోని ఆడనే ఉంట. చీరల దుకాణంల పని దొరికింది. ఇగ మల్ల రాను."

బోల్టు ఊడింది. దాన్ని పళ్ళెంలో పెట్టాడు. ఇంకో బోల్టుకు పానా తగిలించాడు. నేను కొంతసేపు నిలబడి లోపలికి వచ్చాను.

రోజ మా బిడ్డ. సంగారెడ్డి పాలిటెక్నిక్‌లో చదువుతోంది, హాస్టల్‌లో ఉంటుంది. సాయంత్రం ఫోన్ చేసింది.

"నాన్నకు జెప్పినవా?"

"జెప్పిన."

"ఏమన్నడు?"

"ఏమనలే."

"ఏమనలేదంటే?"

"ఏమనలేదంటే ఏమనలేదే."

మంచం కింద నీలం రంగు జిప్పు సంచి పెట్టాను. నాలుగు చీరలు, ఆధార్ కార్డు, నా కత్తెర అందులో వేశాను. వెంటనే వెళ్ళేదాన్నే. కానీ పెళ్ళిళ్ళ కాలం, ఫాల్ కుట్టి పీకో చేయాల్సిన చీరలు ఇంటినిండా ఉన్నాయి. ఒకరి పెళ్ళి చీర సగం కుట్టి వదిలేయడం నా వల్ల కాదు. అవి ఇచ్చేసి మే ఆఖరుకు పోదామనుకున్నాను.

మాట్లాడని మనిషితో చాలాకాలం ఉంటే మనసు ఊరికే ఉండదు. అతని తరఫున మాటలు తనే తయారు చేసుకుంటుంది. నేను అడిగినవాటికి సంగమేశ్ ఇవ్వని జవాబులన్నీ నేనే ఇచ్చుకున్నాను. "బియ్యం అయిపోయినయ్" అంటే, "నీకు ఎప్పుడూ ఇదే గోల" అని అతను అన్నట్టు. "నడుము నొస్తుంది" అంటే, "అయితే నేనేం జెయ్యాలె" అన్నట్టు. అతను వీటిలో ఒక్క మాటా అనలేదు. అయినా అవి అతని గొంతుతోనే నాకు వినిపించేవి. నేను వదిలి వెళ్ళాలనుకున్నది ఆ గొంతునే.

ఏప్రిల్ మొదట్లో ఇంజను మొత్తం విప్పాడు. పిస్టన్ గీతలు పడి ఉంది. పొగ బయటికి పోయే రంధ్రం మసితో సగం మూసుకుపోయింది. సిలిండరును జహీరాబాద్ తీసుకుపోయి బోరు చేయించాడు. దాని పిస్టన్ దొరకలేదు. పాత ఆటో పిస్టన్ ఒకటి అటక మీద నుంచి తీసి లేతు మీద అరగదీయించి సరిపెట్టాడు. సైలెన్సర్ తుప్పు పట్టి జల్లెడ అయింది. పక్క షాపులో వెల్డింగ్ చేసే గిద్యోను రేకు వంచి కొత్తది చేశాడు.

గిద్యోనుకు నోరు ఊరికే ఉండదు. "అన్నా, గిది సైలెన్సరా, మా చర్చి గంటనా?" అనేవాడు. సంగమేశ్ నవ్వేవాడు. గిద్యోను ఎప్పుడూ ఎదురుగా నిలబడి, చేతులు తిప్పుతూ, అరిచినట్టే మాట్లాడతాడని నేను అప్పట్లో గమనించలేదు. ఆ నవ్వు నాకు మాత్రం రాదని గమనించాను.

బిగించిన తర్వాత ఇంజను మొదటి తొక్కుకే లేచింది. కాలు తీయగానే ఆగింది. సంగమేశ్ నుదురు చిట్లించాడు. మళ్ళీ తొక్కాడు, తీశాడు, ఆగింది. ఆటోలు ఎరిగిన మెకానిక్‌కు అది రోగమే. నిలబడి ఉన్నప్పుడు సన్నగా కొట్టుకుంటూ ఉంటేనే ఇంజను బతికున్నట్టు.

"స్లో నిలుస్తలేదు," అన్నాడు.

"మతీన్ చెప్పిండు గద, దాని పద్ధతే గంతని," అన్నాను తలుపు దగ్గర నుంచి. అతను నా వైపు చూడలేదు.

పెడల్ కింది స్విచ్చు వైరు కోసి రెండు కొసలూ కలిపేశాడు. ఇక కాలు తీసినా ఇంజను ఆగలేదు. మధ్యాహ్నం దాకా ఆ బండి షెడ్డులో తనంత తను కొట్టుకుంటూనే ఉంది. సంగమేశ్ దాని చుట్టూ తిరుగుతూ ఒక స్క్రూ, ఒక బోల్టు సవరిస్తూ ఉన్నాడు. తర్వాత కాలిన వాసన వచ్చింది. ఇంజనును తిప్పి లేపే మోటారు ఉంటుంది. పెడల్ తొక్కినంతసేపే దానికి కరెంటు. వైరు కలిపేసరికి అది ఆగకుండా ఇంజనును నెడుతూ నెడుతూ లోపలి తీగ కాల్చుకుంది.

గిద్యోను వచ్చి చూసి ముక్కు మూసుకున్నాడు. "కాలు తీస్తే ఆగేదాన్ని ఆగకుండ జేసినవ్. ఇప్పుడు కాలు వెట్టినా లేస్తలేదు. బలే పని జేసినవ్ అన్నా!"

మోటారును బీదర్ పంపి తీగ చుట్టించుకు రావడానికి వారం పైన పట్టింది. వచ్చాక సంగమేశ్ వైరును ఎప్పటిలాగే అతికాడు. అప్పుడు కొత్త చిక్కు వచ్చింది. ఆటోను ఒక్కడే స్టార్ట్ చేసి వదిలి, వెనక్కి వచ్చి సవరించుకోవచ్చు. ఈ బండికి ముందు ఎవరో ఒకరు కూర్చుని తొక్కి పట్టాలి. షెడ్డులో ఇంకో మనిషి లేడు.

మధ్య తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఇగో," అన్నాడు. మేం ఒకరినొకరం అలాగే పిలుచుకుంటాం. "జర వచ్చి కూసో. నీకు మెషిన్ తొక్కుడు అలవాటే గద."

నేను చేతిలోని చీర మడిచి పక్కన పెట్టి వెళ్ళి కూర్చున్నాను. ఎందుకు వెళ్ళానని తర్వాత చాలాసార్లు నన్ను నేనే అడిగాను. పిలిచాడు కాబట్టి. అంతకంటే లోతైన కారణం దొరకలేదు.

ఆ తర్వాత రోజూ ఎండ ముదరక ముందు నేను బండి మీద కూర్చునేదాన్ని. అతను వెనక ఉండేవాడు. "తొక్కు" అంటే తొక్కేదాన్ని. సీటు కింద ఒక్క కుదుపుతో ఇంజను లేచేది. "తియ్యి" అంటే తీసేదాన్ని. ఉన్నట్టుండి నిశ్శబ్దం. డిపోలో బస్సు హారను, ఎవరో టికెట్ల కోసం పిలుస్తున్న గొంతు మళ్ళీ వినిపించేవి. పెళ్ళయిన తర్వాత మేమిద్దరం కలిసి ఒక పని చేయడం అదే మొదలు.

ఒకరోజు తనంత తనే చెప్పాడు. "దీనికి రివర్స్ గేరు లేదు. ఎనకకు పోవాలంటే ఇంజనే ఉల్టా తిరుగుతది. టూ స్ట్రోక్‌కు ఎటు తిరిగినా ఒకటే."

"మరి ఎట్ల తిప్పుతరు?"

నేను ముందుకు చూస్తూ అడిగాను. జవాబు లేదు. నాలో ఉన్న ఆ గొంతు జవాబు ఇచ్చింది: నీకెందుకు?

కొంచెం ఆగి అతనే అన్నాడు, నేను అడగనట్టే. "ముందుగాల పురాగ ఆగాలె. ఆగినంక ఉల్టా లేపాలె."

అతను ఇంజను వినే పద్ధతి ఒకటి ఉంది. కళ్ళు మూసుకుంటాడు, తల కొద్దిగా ఎడమకు వంచుతాడు, వేలితో తొడ మీద తాళం వేస్తాడు. ఆటోల కాలంలో ఆ ముఖం చూడ్డానికే డ్రైవర్లు వచ్చేవారు. రోడ్డు మీద పోయే ఆటో చప్పుడు విని, లోపల కూర్చునే, "వానికి రింగులు పోయినయ్" అని చెప్పేవాడు. నేను ఆ ముఖాన్ని చూసి అసూయపడ్డ రోజులు ఉన్నాయి. మనిషి అంత శ్రద్ధగా వినగలడు, కానీ నన్ను కాదు.

సైలెన్సర్ దగ్గర పని ఆగిపోయింది. గిద్యోను చేసిన మొదటిది మంచిగానే ఉందని నాకనిపించింది. నా పీకో మెషిన్ కంటే కొంచెం ఎక్కువ చప్పుడు, అంతే. సంగమేశ్‌కు నచ్చలేదు.

"గొంతు పట్టింది. దమ్ము లేదు," అన్నాడు. లోపలి చిల్లుల గొట్టం తీయించాడు. చప్పుడు పెరిగింది. ఇంకా చాలదన్నాడు. తోక గొట్టం కోయించి వెడల్పుది పెట్టించాడు. ఇప్పుడు తొక్కితే షెడ్డు రేకులు కంపించాయి. గోడ మీది కోళ్ళు పక్కింట్లోకి దూకాయి. సంగమేశ్ కళ్ళు మూసుకుని విని, "గిప్పుడు జర నయం," అన్నాడు.

మొండితనం అనుకున్నాను. నా మాట వినిపించకుండా ఉండటానికే ఇంత చప్పుడు చేస్తున్నాడని కూడా ఒకసారి అనుకున్నాను. మనసుకు దూరం లెక్క లేదు, ఎంతవరకైనా పోతుంది.

మే మొదట్లో మతీన్ వచ్చి ఒకసారి తొక్కించి చెవులు మూసుకున్నాడు.

"యా అల్లా! భాయ్, పెండ్లికొడుకు వస్తుండా, బోరు లారీ వస్తుందా?"

"టూ స్ట్రోక్ అంటే గట్లనే ఉంటది," అన్నాడు సంగమేశ్.

"నాకు అర్థం గాదా? నీ చెవి మీద భరోసాతోని తెచ్చిన. సన్నాయి ఇనవడాలన్న, నువ్వేమో తోపు గుండు వేల్చినట్టు జేసినవ్." మతీన్ నా వైపు తిరిగాడు. "భాభీ, మీరన్న చెప్పుండ్రి. వారంల సిర్గాపూర్ వాళ్ళ పెండ్లి. అప్పటికి సప్పుడు తగ్గకపోతే బీదర్ల ఒకతను ఉన్నడు, అతనికి ఇస్త. ఏమనుకోకు, బురా మత్ మాన్‌నా."

అతను పోయాక సంగమేశ్ మూలన పడేసిన గొట్టాలు వెతికి బయటికి తీశాడు. నారాయణఖేడ్‌లో సంగమేశ్ చేయలేక బీదర్ పోయిన టూ స్ట్రోక్ ఒకటుందని తెలిస్తే ఆ షెడ్డు తలుపు తీసినా మూసినా ఒకటే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. సాయంత్రం గిద్యోనును పిలిచి, తీసేసిన చిల్లుల గొట్టం మళ్ళీ లోపల పెట్టించాడు. సన్న తోక అతికించాడు.

తెల్లారి ఆదివారం. గిద్యోను చర్చికి పోయాడు, అతని షాపు మూసి ఉంది. సందులో చప్పుడు లేదు. సంగమేశ్ వెనక నిలబడి, "తొక్కు," అన్నాడు. తొక్కాను. ఇంజను మెత్తగా లేచింది. అతను వంగి కార్బురేటర్ స్క్రూ కొంచెం తిప్పి, రెండు అడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. ముందు అద్దం ఉండాల్సిన చోట కప్పు కడ్డీకి ఎవరో చిన్న అద్దం కట్టారు, వెనక ఏముందో చూడ్డానికి. అందులో నాకు అతని ముఖం కనిపిస్తోంది. కళ్ళు మూసుకున్నాడు. తల ఎడమకు వంచాడు. వేలు తొడ మీద కదులుతోంది.

నా పిక్క పట్టేసింది. కాలు తీశాను. ఇంజను ఆగింది.

కాలు పట్టిందని చెబుదామని నోరు తెరిచాను. అద్దంలో అతని వేలు ఇంకా తాళం వేస్తోంది. తల మెల్లగా ఊగుతోంది.

"ఆఁ, గిప్పుడు మంచిగ వస్తుంది," అన్నాడు. "గట్లనే పట్టు."

రేకుల మీద కాకి నడుస్తోంది. పక్కింటి ట్యాంకు నుంచి నీళ్ళ చుక్కలు పడుతున్నాయి. అతను వింటున్నాడు.

నేను నోరు మూసుకున్నాను. పిక్క నొప్పి అలాగే ఉంది. కాసేపటికి పెడల్ తొక్కాను. ఇంజను లేచింది. అతని ముఖంలో మార్పేమీ లేదు. కళ్ళు తెరిచి పొగ చూసి, "తియ్యి," అన్నాడు. తీశాను.

ఆ మధ్యాహ్నం అతను తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటుంటే వెనక నిలబడి, "సంగమేశ్," అన్నాను. ఇక్కడ రాస్తున్నాను గానీ, ఆ రోజు వరకూ ఆ పేరు నా నోట రాలేదు. మా వైపు భార్యలు భర్త పేరు పలకరు. రేషన్ షాపులో అడిగినా పక్కవాళ్ళు చెబుతారు. పలికితే ఏ మొగుడైనా ఉలిక్కిపడి తిరిగి చూస్తాడు. ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా అన్నాను. అతను సబ్బు రాసుకున్నాడు, మోచేతుల దాకా నీళ్ళు పోసుకున్నాడు, భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నాడు. తిరిగి నన్ను చూసి, "అన్నం వెడ్తవా?" అన్నాడు.

అన్నం పెట్టాను.

అతను తింటున్నంతసేపూ ఒకటే ఆలోచించాను. మార్చిలో నేను మాట్లాడింది అతని వీపుతో. నేను వెళ్ళిపోతున్న సంగతి నాకు తెలుసు, రోజకు తెలుసు, మంచం కింది సంచికి తెలుసు. అతనికి తెలియదు.

ఆ రాత్రి పాత మౌనాలను ఒక్కొక్కటీ తీసి చూసుకున్నాను. ఏది చెవిది, ఏది మనసుది? పోయిన ఏడు నా తల్లి చనిపోయిన కబురు చెబితే పలకకపోవడం చెవిది కావచ్చు. అప్పుడు నేను వంటింట్లో ఏడుస్తూ చెప్పాను, అతను షెడ్డులో ఉన్నాడు. కానీ రోజ పుట్టినప్పుడు దవాఖానలో నా పక్కనే కూర్చుని, బిడ్డకు ఏం పేరు పెడదామని అడిగితే పలకలేదు. అప్పుడు చెవులు మంచిగానే ఉన్నాయి. అన్నీ చెవి మీద వేసి అతని తప్పు లేదనుకోవడానికి నాకు మనసొప్పలేదు. అన్నీ మనసు మీద వేసి వెళ్ళిపోవడం మాత్రం ఇక కుదరదు. రెండింటి మధ్య గీత ఎక్కడుందో అతనికి కూడా తెలిసి ఉండదు.

సోమవారం పొద్దున బండి ఎక్కలేదు. అతని ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

"నువ్వు కూసో. నేను ఎనక నిలవడ్త."

"నీకేం దెలుస్తది?"

"నాకు సప్పుడు దెలుస్తది."

అతను నా ముఖం చూశాడు. నేను చెయ్యి చాపాను. చేతిలోని స్క్రూడ్రైవర్ నాకిచ్చి, ఎక్కి కూర్చున్నాడు.

"కుడికి పావు చుట్టు తిప్పు," అన్నాడు. తిప్పాను. "తొక్కాల్నా?" అన్నాడు. తల ఊపాను. ఇంజను లేచింది. సీటు మీద నడుము తిప్పి నా వైపే చూస్తున్నాడు. అరచెయ్యి కిందికి వంచి తగ్గించమన్నాను. తగ్గించాడు. పైకి ఎత్తి పెంచమన్నాను. పెంచితే తోక గొట్టంలో తప్పెట కొట్టినట్టు చప్పుడు వచ్చింది. పిడికిలి మూశాను. కాలు తీశాడు.

"ఎట్లుంది?" అన్నాడు.

అతను ఇంజను గురించి ఒకరిని అడగడం నేను అంతకుముందు వినలేదు.

"లోపట రేకు కొట్టుకుంటుంది," అన్నాను, పెదాలు కదపడం తెలిసేలా నెమ్మదిగా. "చిన్నగ నడిస్తే మంచిగనే ఉంది. పెంచితెనే."

గిద్యోను సైలెన్సర్ కోసి, చిల్లుల గొట్టానికీ రేకుకూ మధ్య సందులో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి మళ్ళీ అతికాడు. సంగమేశ్ ముందు కూర్చుని, నేను వెనక నిలబడి చేతులు ఊపుతుంటే చూసి పకపకా నవ్వాడు.

"ఏంది వదినె, ట్రాఫిక్ పోలీసు లెక్క! అన్నా, బోర్డు మీద పేరు మార్పియ్యాలె ఇగ."

"మార్పియ్యి," అన్నాడు సంగమేశ్, నా చేతి మీది నుంచి కళ్ళు తీయకుండా.

సిర్గాపూర్ వాళ్ళ పెళ్ళికి మతీన్ మమ్మల్ని ఇద్దరినీ రమ్మన్నాడు. బండి మధ్యలో ఆగితే అని అతని భయం. పగటి ముహూర్తం. గేటు దగ్గర బంతిపూలు కట్టిన బండిలో పిల్లనూ పిల్లవాణ్ణీ కూర్చోబెట్టారు. మతీన్ దగ్గర పనిచేసే అతను ముందు కూర్చుని తొక్కాడు. సన్నాయివాళ్ళు ముందు నడిచారు. నాకు సన్నాయి వినిపించింది. ఇంజను వినిపించాలంటే వెతుక్కోవాల్సి వచ్చింది. స్టేజీ ముందు కాలు తీశాడు. ఆగింది. పిల్లా పిల్లవాడూ దిగాక బండి వెనక్కి రావాలి. ఒక్క నిమిషం ఏ చప్పుడూ లేదు. తర్వాత ఇంజను ఉల్టా లేచి, అదే మెత్తదనంతో బండిని వెనక్కి లాక్కొచ్చింది. మతీన్ దూరం నుంచి బొటనవేలు ఎత్తి చూపాడు.

అప్పుడు డీజే పెట్టారు.

నా గుండె లోపల ఎవరో తన్నుతున్నట్టు చప్పుడు. హాలులో ఎవరి మాటా ఎవరికీ వినిపించడం లేదు. మనుషులు ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటున్నారు, చేతులు ఊపుకుంటున్నారు. సంగమేశ్ ఒక్కడే తాపీగా ఉన్నాడు. ఎవరో బంధువు ఏదో అడిగితే నోటి వైపు చూసి వెంటనే జవాబిచ్చాడు. ఇంకొకతను దూరం నుంచి ఏదో అంటే తల ఊపి నవ్వాడు. అందరూ అతని దేశానికి వచ్చారు, అక్కడి భాష అతనికి మాత్రమే వచ్చు.

నేను అతని ఎదురుగా నిలబడ్డాను. గొంతు ఎత్తలేదు. ఎత్తినా లాభం లేదు.

"రోజ పరీక్షలు అయినంక నేను సంగారెడ్డి పోతున్న," అన్నాను. "ఇగ మల్ల రాను."

నా మాట నాకే వినిపించలేదు. అతని ముఖం మారింది. పెదాలు కదిలాయి, ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు.

"ఏంది?" అన్నాను. మళ్ళీ అన్నాడు. మళ్ళీ అర్థం కాలేదు. నా చెయ్యి పట్టుకుని హాలు బయటికి, బండ్లు నిలిపే చోటికి తీసుకొచ్చాడు. అక్కడ గోల్ఫ్ బండి నీడలో నిలబడి ఉంది. డీజే గోడ అవతలికి పోయింది.

"చెవులు పోయినయని పోతున్నవా?" అన్నాడు.

నేను చెవుల మాట ఎత్తనేలేదు.

"ఎప్పటి సంది?" అన్నాను.

"కుడిది రోజ పదో తరగతి చదివేటప్పటి సంది. ఎడమది గీ నడుమ."

"ఎందుకు జెప్పలే?"

"మెకానిక్‌కు చెవులు లెవ్వంటే ఎవలన్న బండి ఇస్తరా? ఎవలకన్న చెప్పుకుంటమా?"

"నేను ఎవలో ఒకలనా?"

అతను పలకలేదు. నన్నే చూస్తున్నాడు కాబట్టి విన్నాడు. ఈసారి అది చెవిది కాదని తెలిసింది. మనసుదీ కాదు. జవాబు లేకపోవడం వల్ల వచ్చిన మౌనం, అంతే.

"చెవుల ముచ్చట మొన్న దెలిసింది," అన్నాను. "పోతున్నని మార్చిల్నే జెప్పిన. బండి వచ్చిననాడు, నీ ఎనక నిలవడి."

"నేనేమన్న?"

"ఏమనలే."

అతను వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు.

"అంటే నేను ఏమనలేదని మనసుల వెట్టుకోనే గిన్ని రోజులు బండి మీద కూసున్నవా?"

"కూసున్న."

"ఎందుకు మరి?"

"పిలిచినవ్ గద."

తువ్వాలు తీసి శుభ్రంగా ఉన్న చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ విడిగా తుడిచాడు.

"ఇప్పుడు ఇన్నవ్," అన్నాను. "ఏమంటవ్?"

"పోకు అంటే ఉంటవా?"

"ఏమో. ముందుగాల అనాలె గద."

"పోకు," అన్నాడు. వినిపించనివాళ్ళు మాట్లాడేటంత గట్టిగా. పార్కింగు దగ్గర బీడీ కాలుస్తున్న డ్రైవర్లు ఇద్దరు తిరిగి చూశారు.

ఉంటానని అనలేదు. సంగారెడ్డి పెద్ద దవాఖానలో చెవి డాక్టరు ఉంటాడని రోజ ఒకసారి చెప్పింది, అక్కడ చూపిద్దాం, తర్వాత సంగతి తర్వాత అన్నాను. అతను నా పెదాలు చూసి తల ఊపాడు.

మే ఆఖరుకు చీరలన్నీ ఇచ్చేశాను. షెడ్డుకు అప్పటికే ఇంకో పాత టూ స్ట్రోక్ వచ్చి ఉంది. చేనుకు మందు కొట్టే మెషిన్ ఎవరిదో. రెండు రోజులు ఆగమని వాళ్ళకు చెప్పాడు. ప్రయాణం ముందు రోజు మంచం కింది నుంచి నీలం సంచి తీశాను. నాలుగు చీరలు, ఆధార్ కార్డు, కత్తెర పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వాటిని బయటికి తీయలేదు. అతనివి రెండు చొక్కాలు, ఒక ప్యాంటు తెచ్చి మడిచాను. ఉతికినవే, అయినా వాటికి పెట్రోలు వాసన. నా చీరలకు అంటుతుందని మధ్యలో ఒక పాత పేపరు పరిచి, పైన అతని బట్టలు పెట్టి, జిప్పు వేశాను.